రాబోయే తరాలను దృష్టిలో పెట్టుకున్న నాయకత్వం అంటే ఆచరణలో ఏం చేయాలి?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. ప్రపంచం ఇంత వేగంగా మారిపోతుంటే రాబోయే తరాల గురించి నాయకుడు ఎలా ఆలోచించాలన్నది ఒకటి. ఈమధ్యే టీమ్ లీడ్ అయిన మీరు దీన్ని ఆఫీసులో ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండోది. నేను చాలాకాలంగా పాత సాఫ్ట్‌వేర్‌ను బాగుచేస్తూ నడిపించే టీమ్‌ను చూసుకుంటున్నాను. అక్కడ నేర్చుకున్నదే చెబుతాను.

భవిష్యత్తును ముందే పసిగట్టేవాడే నాయకుడంటే నాకు నమ్మకం కుదరదు. ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు మీటింగుల్లో రాణిస్తారు, అంతే. మనం తీసుకున్న నిర్ణయం రేపు వచ్చేవాళ్లకు అర్థమవ్వాలి, అవసరమైతే దాన్ని మార్చుకునే వీలు వాళ్లకుండాలి. నాయకుడు చూసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

మా దగ్గర ఒక పాత ప్రోగ్రామ్ ఉండేది. బిల్లులు లెక్కగట్టే చోట నాలుగు లైన్ల పైన ఒకే ఒక్క కామెంట్ (చదివేవాళ్ల కోసం కోడ్‌లో రాసే గమనిక): "దీన్ని ముట్టుకోవద్దు." ఎందుకో రాయలేదు. రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశారు. కొత్తగా చేరినవాళ్లెవరైనా అక్కడికి రాగానే ఆగిపోయేవారు. చుట్టుపక్కల ఇంకో పది లైన్లు చేర్చి పని కానిచ్చేవారే తప్ప దాని జోలికి వెళ్లేవారు కాదు. చివరికి మా టీమ్‌లో ఒకమ్మాయి పట్టుబట్టి విప్పి చూస్తే, ఎప్పుడో వాడకం ఆపేసిన ఒక ప్రింటర్ కోసం చేసిన సర్దుబాటు అది. దాని కాగితం వెడల్పుకు సరిపోయేలా పేర్లను కత్తిరించేది. ఆయన చేసింది ఆ రోజుకు సరైన పనే. కారణం ఒక్క లైను రాసి ఉంటే మాత్రం ఇంతమందికి ఇన్నేళ్లు భయం ఉండేది కాదు.

రేపటివాళ్లు మార్చుకునే వీలుంచే ఈ పని పెద్ద స్థాయిలో బాగా జరిగిందనడానికి నేను చూపించేది 1987 నాటి అంతర్జాతీయ ఒప్పందం, మాంట్రియల్ ప్రోటోకాల్. ఓజోన్ పొరను దెబ్బతీసే రసాయనాల మీద అది కుదిరేనాటికి శాస్త్రవేత్తలకు అన్నీ తేలిపోలేదు. మొదట పెట్టుకున్న లక్ష్యం కూడా ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీలనే అలాంటి రసాయనాలను సగానికి తగ్గించడమే. అయితే కొత్త ఆధారాలు వచ్చినప్పుడల్లా కూర్చుని నిబంధనలు సవరించుకునే ఏర్పాటు ఒప్పందంలోనే పెట్టారు. 1990లో లండన్‌లో వాటిని పూర్తిగా ఆపేయాలని బిగించారు. 2016లో రువాండాలోని కిగాలీలో, సీఎఫ్‌సీలకు బదులుగా వాడకంలోకి వచ్చిన, భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీలను కూడా చేర్చారు. మొదట సంతకాలు పెట్టిన ఒప్పందంలో వాటి ఊసే లేదు.

ఇక ఇంకా పుట్టనివాళ్ల తరఫున మాట్లాడేదెవరు? బ్రిటన్‌లోని వేల్స్ 2015లో భవిష్యత్ తరాల సంక్షేమం కోసం చట్టం చేసి, ఒక కమిషనర్‌ను పెట్టుకుంది. ఆ పదవికి నిర్ణయాలను ఆపే అధికారం లేదు. సలహా ఇవ్వొచ్చు, సమీక్షించొచ్చు, ప్రశ్నించొచ్చు. ఇజ్రాయెల్ అంతకుముందే, 2001లో, పార్లమెంటులో ఇలాంటి పదవి పెట్టింది. 2006లో మొదటి కమిషనర్ పదవీకాలం ముగిశాక మళ్లీ ఎవరినీ నియమించలేదు. కుర్చీ వేయడం ఎంత తేలికో తీసేయడమూ అంతే తేలిక. కాబట్టి పదవుల మీద నాకు ఆశ తక్కువ.

నాకు పనికొచ్చింది జపాన్‌లోని యహాబా అనే చిన్న పట్టణం చేసిన పని. 2015లో అక్కడ ఊరి ప్రణాళికల గురించి ప్రజలతో చర్చలు పెట్టి, కొందరిని ఈనాటి మనుషులుగా, కొందరిని 2060లో బతుకుతున్నవాళ్లుగా మాట్లాడమన్నారు. రెండోవైపు వాళ్ల ఆలోచనలు ఇంకా దూరం వెళ్లాయి, ధైర్యంగానూ ఉన్నాయి.

పాత డేటాబేస్ మార్పిడిని మరోసారి వాయిదా వేద్దామన్న చర్చ వచ్చినప్పుడు దీన్నే మా టీమ్‌లో ప్రయత్నించాను. ఇద్దరిని ఐదేళ్ల తర్వాతి టీమ్ తరఫున మాట్లాడమన్నాను. ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒకతను, "మీరు వాయిదా వేసినందుకు మా శనివారాలన్నీ దీనికే పోతున్నాయి. అడుగుదామంటే మీరెవరూ ఇప్పుడు ఇక్కడ లేరు" అన్నాడు. బడ్జెట్ మాత్రం ఆ మాటకు కరగలేదనుకోండి. కానీ వాయిదా మాట పోయి, అన్నిటికంటే ప్రమాదకరమైన భాగాన్ని ఆ ఏడాదే మార్చాం. ప్రతిదానికీ ఇలా చేస్తే నాటకంలా తయారవుతుంది. వెనక్కి తీసుకోలేని నిర్ణయాలకే దాచుకోండి.

"యువతే రేపటి నాయకులు" అన్న మాట వింటే నాకు చిరాకు. మరి ఈరోజు వాళ్లేం చేయాలి, చప్పట్లు కొట్టాలా? మా దగ్గర కొత్త వెర్షన్ విడుదల చేయాలా వద్దా అన్నది జూనియర్లలో ఒకరు వంతులవారీగా తేలుస్తారు. అడిగితే తప్ప నేను నోరు తెరవను. అలా కూర్చోవడం ఎంత టెన్షనో చేస్తేగానీ తెలియదు. ఒకసారి నేనైతే విడుదల చేసేసేవాణ్ణి, ఆరోజు వంతు వచ్చిన అమ్మాయి ఆపేసింది. ఎవరిది సరైన లెక్కో ఇప్పటికీ తేలలేదు. నిర్ణయం మాత్రం ఆమెదే, పైవాళ్లకు జవాబు చెప్పిందీ ఆమే. పక్కనే నేనున్నానంతే.

మీరు మొదలుపెట్టాల్సిన చోటు ఇంకా చిన్నది. పెద్ద నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఒక కాగితం రాయించండి: ఏం ఎంచుకున్నాం, వేరే ఏ దారులు చూసి వదిలేశాం, ఏం మారితే దీన్ని మళ్లీ తిరగదోడాలి. అందరూ ఎగ్గొట్టేది మూడోదే. "వాడేవాళ్లు రెట్టింపైతే దీన్ని మళ్లీ చూడాలి" లాంటి ఒక్క వాక్యం చాలు. అదనపు పని అని కొందరు సణుగుతారు. అర పేజీ దాటనివ్వకండి, దాటితే ఎవరూ చదవరు.