టెస్టోస్టిరోన్ చికిత్సకు ఇన్సూరెన్స్ ఒప్పుకోలేదు: అప్పీల్ చేయాలా, చేతి డబ్బు పెట్టుకోవాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 36, న్యూజెర్సీలో ఉద్యోగం, పెళ్లయి రెండేళ్లు. రక్తపరీక్షలో పురుష హార్మోను టెస్టోస్టిరోన్ డెసిలీటరుకు 268 నానోగ్రాములు వచ్చింది. డాక్టరు చర్మానికి పూసుకునే టెస్టోస్టిరోన్ జెల్ మందుగా రాసిస్తే కంపెనీ ఇన్సూరెన్స్ 'వైద్యపరమైన అవసరం రుజువు కాలేదు' అని తిప్పి పంపింది. నెలకు 180 డాలర్లు కడితే ఇన్సూరెన్స్ గొడవే లేదని వేరే క్లినిక్ వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారని అడిగారు.

అప్పీల్ చేయండి. అయితే ఈ వారమే వద్దు. ఇప్పుడున్న కాగితాలతో చేస్తే మళ్లీ అదే జవాబు వస్తుంది. నేను ఆ పొరపాటు చేసి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

నేను టెక్సస్‌లో ఉంటాను, నాకు 44 ఏళ్లు. మూడేళ్ల క్రితం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి, కారు ఆపేసి, దిగే ఓపిక లేక అందులోనే పావుగంట కూర్చుండిపోయేవాణ్ణి. మా పాప వచ్చి అద్దం మీద వేళ్లతో కొట్టేది. నిద్ర పోయినా అలసట తీరేది కాదు. దాంపత్య జీవితం మీద ఆసక్తి పోయింది. ఆ మాట నా భార్యతో చెప్పడానికే ఏడాది పట్టింది. ఫ్యామిలీ డాక్టరు పరీక్ష చేయిస్తే 214 వచ్చింది. ఆయనా జెల్ రాశారు. పది రోజుల తర్వాత తిరస్కరణ ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా జబ్బు జబ్బే కాదని ఎవరో తీర్పు చెప్పినట్టు అనిపించింది. కోపంలో రెండు పేజీల అప్పీల్ రాసి పంపాను. నా నీరసం గురించి, ఉద్యోగంలో పడుతున్న ఇబ్బంది గురించి మనసులో ఉన్నదంతా రాశాను. అదీ తిరిగి వచ్చింది. అప్పుడు గానీ మొదటి ఉత్తరాన్ని నింపాదిగా చదవలేదు. నాలుగు పేజీల్లో అసలు విషయం రెండో పేజీలో ఉంది, రెండే వాక్యాలు. వేర్వేరు రోజుల్లో ఉదయం పూట తీసిన రెండు రక్త నమూనాల ఫలితాలు జతచేయలేదు. రాసిన రోగనిర్ధారణ ఈ మందుకు అనుమతించిన వాటిలో లేదు. అంతే.

ల్యాబు కాగితం తీసి చూశాను. రక్తం తీసిన సమయం మధ్యాహ్నం 3:20 అని ఉంది. ఆఫీసులో భోజనం చేసి వెళ్లి ఇచ్చి వచ్చాను మరి. టెస్టోస్టిరోన్ తెల్లవారుజామున, ఉదయం ఎక్కువగా ఉండి, పొద్దెక్కే కొద్దీ తగ్గుతుంది. తిన్న తర్వాత కూడా తగ్గుతుంది. అందుకే మూత్ర, పురుష జననాంగ వ్యాధుల వైద్యుల సంఘమైన అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉదయాన్నే, వేర్వేరు రోజుల్లో, రెండుసార్లు చూడాలని రాసింది. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపంగా పరిగణించవచ్చని చెప్పింది. అదే ఏడాది హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ పరగడుపున తీయాలని కూడా చెప్పింది. ఆ సొసైటీ ప్రస్తావించిన కింది హద్దు 264.

మీ విషయంలో ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా ముఖ్యం. మీది 268. మీ ప్లాను 300 హద్దుగా పెట్టుకుంటే మీకు లోపం ఉన్నట్టు, 264 పెట్టుకుంటే లేనట్టు. కొన్ని ప్లాన్లు ల్యాబు ఇచ్చే కనిష్ఠ విలువనే తీసుకుంటాయి. కాబట్టి ముందు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఏ ప్రమాణం ప్రకారం తిరస్కరించారో ఆ కాగితం పంపమని అడగండి. మీ ఫైలుతో సహా దాన్ని ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. ఫోన్‌లో మాట్లాడిన తేదీ, అవతలివారి పేరు, కాల్ నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఆ పుస్తకం నాకు తర్వాత రెండుసార్లు అక్కరకొచ్చింది.

ఇక రెండో వాక్యం, రోగనిర్ధారణ. ఇన్సూరెన్స్ కాగితాల్లో ప్రతి జబ్బుకూ ఒక కోడు ఉంటుంది, నా డాక్టరు రాసిన కోడు ఆర్53.83. అంటే అలసట. అలసటకు టెస్టోస్టిరోన్ ఇవ్వడానికి ఏ ఇన్సూరెన్సూ ఒప్పుకోదు. దీని వెనుక ఒక కారణం ఉంది. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల లేబుళ్లను మార్పించింది. వృషణాలు, వాటికి సంకేతాలు పంపే పిట్యూటరీ గ్రంథి, లేదా మెదడులో ఏదైనా జబ్బు వల్ల హార్మోను తగ్గితేనే ఈ మందులకు ఆమోదం ఉందని, వయసు వల్ల తగ్గినవారిలో మేలు, భద్రత రుజువు కాలేదని అందులో చెప్పింది. ఇన్సూరెన్స్ నిబంధనలు ఎక్కువగా ఆ లేబుల్‌ను అనుసరించే ఉంటాయి. వాళ్లు అడిగేది 'ఎంత తగ్గింది' అని మాత్రమే కాదు, 'ఎందుకు తగ్గింది' అని కూడా. ఆ రెండో ప్రశ్నకు జవాబు లేని ఫైలు ముందుకు కదలదు.

నాకు ఆ జవాబు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గర దొరికింది. ఆవిడ రెండు వేర్వేరు రోజుల్లో ఉదయం ఎనిమిది లోపే, పరగడుపున రక్తం తీయించారు. 231, 219 వచ్చాయి. వాటితో పాటు పిట్యూటరీ విడుదల చేసే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు కూడా చూశారు. ఎల్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంది. అంటే పిట్యూటరీ 'ఇంకా తయారు చెయ్యి' అని గట్టిగా చెబుతోంది, వృషణాలే చేయలేకపోతున్నాయి. అప్పుడావిడ అడిగారు: 'చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా?'

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ఎందుకు రాలేదు, తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలప్పుడు వచ్చాయి కదా అంది. తన మెడలో గొలుసు తీసి నా మెడలో వేసిందట. ఆ గొలుసు నాకూ గుర్తొచ్చింది. కాసేపు ఆగి, 'కిందకూడా వాచింది నాన్నా, నువ్వు సిగ్గుపడి మీ నాన్నకొక్కడికే చెప్పావు' అంది. వారం రోజులు మంచం మీదే ఉన్నాను. వాపు తగ్గాక ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెళ్లయ్యాక ఆరేళ్లు పిల్లల కోసం తిరిగిన రోజుల్లో కూడా వీర్యకణాల కౌంటు తక్కువ అన్నారే గానీ, ఎందుకు తక్కువని ఏ డాక్టరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. యుక్తవయసులో గవదబిళ్లలు వస్తే వృషణాలు వాచి దెబ్బతినవచ్చని నాకు నలభై దాటాక తెలిసింది.

మందు లేబుల్‌లో వృషణాల వాపు ఒక కారణంగా పేరుపెట్టి రాసి ఉంది. ఎండోక్రైనాలజిస్టు ఒక పేజీ ఉత్తరం రాశారు: రెండు ఉదయపు ఫలితాలు, రక్తం తీసిన సమయాలు, ఎల్‌హెచ్ విలువ, గవదబిళ్లల చరిత్ర, లక్షణాలు, వృషణాలు సరిగా పనిచేయకపోవడానికి వాడే కోడు ఇ29.1. నా రెండు పేజీల ఆవేదన అందులో లేదు. పదకొండు రోజుల్లో అనుమతి వచ్చింది.

అయితే జెల్‌కు కాదు. ముందు ఇంజెక్షన్ వాడి చూడాలన్నారు. నేను దానికి వాదించలేదు. జెల్ రాసుకున్న చర్మం చిన్నపిల్లలకు తగిలితే ప్రమాదమని లేబుల్ మీదే హెచ్చరిక ఉంది, మా పాప అప్పుడు నా చంక దిగేది కాదు. టెస్టోస్టిరోన్ సిపియోనేట్ అనే ఆ ఇంజెక్షన్ జెనరిక్‌గా దొరుకుతుంది. ఇన్సూరెన్స్ లేకపోయినా కూపన్ కార్డుతో కొంటే నెలకు కొన్ని పదుల డాలర్లలో అయిపోతుంది, వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతా ఉంటే దాన్నుంచి కట్టవచ్చు. ఆ క్లినిక్ అడుగుతున్న 180 డాలర్లలో మందు ఖరీదు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

గడువుల సంగతి. తిరస్కరణ అందిన రోజు నుంచి అప్పీల్‌కు మీకు 180 రోజులుంటాయి. మందు మొదలుపెట్టక ముందు చేసే అప్పీల్‌కు వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. అదీ పోతే బయటి సంస్థతో సమీక్ష కోరవచ్చు, దానికి నాలుగు నెలల గడువు. అన్నింటికంటే ముందు మీ డాక్టరును ఇన్సూరెన్స్ డాక్టరుతో ఫోన్‌లో నేరుగా మాట్లాడమని అడగండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ప్లాను పుస్తకంలో ఈ చికిత్సనే మినహాయించి ఉంటే మాత్రం అప్పీల్‌తో లాభం లేదు. కంపెనీయే సొంత డబ్బుతో నడిపే ప్లాను అయితే హెచ్‌ఆర్‌ను అడగవచ్చు, ఎందుకంటే మినహాయింపులు నిర్ణయించేది కంపెనీయే.

ఇప్పుడు మీరు అడగని విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. పెళ్లయి రెండేళ్లన్నారు. పిల్లలు కావాలనుకుంటే ఈ మందు మొదలుపెట్టే ముందే డాక్టరుతో ఆ మాట చెప్పండి. బయటి నుంచి టెస్టోస్టిరోన్ ఇస్తే పిట్యూటరీ తన సంకేతాలు ఆపేస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి, కొందరిలో పూర్తిగా లేకుండా పోతాయి. మానేశాక తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. ఆరేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాణ్ణి, ఆ బాధ మీకు వద్దు. నెలకింతని డబ్బు కట్టించుకునే క్లినిక్ ఈ ప్రశ్న మిమ్మల్ని అడిగిందా? ఎల్‌హెచ్ చూసిందా? అడగకపోతే, చూడకపోతే, దయచేసి అక్కడ సూది వేయించుకోకండి. ఎల్‌హెచ్ తక్కువగా, ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటే పిట్యూటరీలో గడ్డ ఉందేమో చూడాల్సి వస్తుంది. అప్పుడు చికిత్సే వేరు.

మొదలుపెట్టాక కూడా మూడు నుంచి ఆరు నెలల్లో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం చూడాలి. అది 54 శాతం దాటితే మందు ఆపుతారు. గుండె గురించి భయం ఉంటే, 5,200 మందికి పైగా పురుషులపై జరిపి 2023లో ప్రచురించిన ట్రావర్స్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. అందుకే పరీక్షలు మానవద్దు. ఆ ఫలితాలే ఏడాది తర్వాత అనుమతి పొడిగింపుకూ కావాలి. మొదటి ఏడాది నేను ఆ తేదీ మరిచిపోతే మూడు వారాలు మందు లేకుండా గడిచింది.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఒక్క మాట: అక్కడి ఆరోగ్య పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే ఇచ్చేవి. ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే చికిత్సకూ చెల్లించే ఓపీడీ ప్రయోజనం ఉన్న పాలసీ కాకపోతే ఈ మందు ఖర్చు మీదే అనుకోండి.

మీ తిరస్కరణ ఉత్తరంలో కారణం చెప్పిన వాక్యాలు, ల్యాబు కాగితం మీద రక్తం తీసిన సమయం, డాక్టరు రాసిన కోడు ఇక్కడ పెట్టండి. పేరు, మెంబర్ నంబరు తీసేయండి. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయేమో, అక్కడ దెబ్బ గానీ ఆపరేషన్ గానీ అయిందేమో మీ అమ్మగారిని ఒకసారి అడిగి రండి. ఆదివారం కూర్చుని డాక్టరుకు ఇవ్వాల్సిన వివరాలన్నీ వరుసగా రాసిపెడదాం.