చర్చిలో పాటలు తెరపై చూపడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది? తెలుగు సరిగా వస్తుందా?

ఓపెన్‌ఎల్‌పీ చాలు. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది, లైసెన్సు ఖర్చు లేదు. ప్రొజెక్టర్ తగిలించాక విండోస్ కీ, పి కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. 'డూప్లికేట్'లో ఉంచితే మీరు పాట వెతుక్కోవడం కూడా సంఘమంతా చూస్తుంది! పల్లవిని కోరస్‌గా, చరణాలను వర్స్‌లుగా ఒక్కసారి ఎక్కించి, వర్స్ ఆర్డర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో 'C1 V1 C1 V2 C1' (C అంటే కోరస్, V అంటే వర్స్) వరుస ఇస్తే పల్లవి దానంతటదే తిరిగొస్తుంది.

అసలు చిక్కంతా పాత పాటల ఫైళ్లతోనే. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర పద్ధతి) కావు కాబట్టి నేరుగా అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు లైను లైనుకూ సరిచూడండి. ఎక్కువగా తప్పేది అక్కడే. థీమ్‌లో (స్లైడు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగుల్లో) 'మండలి' అనే తెలుగు ఫాంటు పెట్టి లైన్ల మధ్య ఎడం పెంచండి. లేదంటే 'స్తోత్రం' లాంటి మాటల కింది ఒత్తులు తర్వాతి లైనుకు తగులుతాయి. స్లైడుకు నాలుగు లైన్లు మించనివ్వకండి.