జెయింట్ శాండ్ ‘చోర్ ఆఫ్ ఎన్‌చాంట్‌మెంట్’ ఎక్కట్లేదు, ఎలా వినాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఉద్యోగం మీద కొత్తగా ఫీనిక్స్ వచ్చారు. ఆఫీసులో ఒక పెద్దాయన “అరిజోనాలో ఉంటూ ఇది వినకపోతే ఎలా” అని జెయింట్ శాండ్ అనే ట్యూసాన్ (అరిజోనాలోనే ఇంకో ఊరు) బ్యాండు చేసిన ఈ ఆల్బమ్ పేరు చెప్పాడు. డెజర్ట్ రాక్ అన్నాడు కదా, మోత మోగిపోతుందనుకుని పెడితే ఎవరో నిద్రలో గొణుగుతున్నట్టుంది. ఇందులో అంత గొప్పేముంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ట్యూసాన్‌లో ఎమ్మెస్ చదివి, తర్వాత కొన్నేళ్ళు అక్కడే ఉద్యోగం చేశాను. ఈ ఆల్బమ్ అంటే నాకు పక్షపాతం, ముందే చెప్పేస్తున్నా.

ముందు ఆ డెజర్ట్ రాక్ గొడవ తేల్చేద్దాం. ఆ పేరుతో వెతికితే మీకు కైయస్, క్వీన్స్ ఆఫ్ ది స్టోన్ ఏజ్ లాంటి బ్యాండులు వస్తాయి. అది కాలిఫోర్నియాలో పామ్ డెజర్ట్ చుట్టుపక్కల కుర్రాళ్ళు జెనరేటర్లు మోసుకుని ఎడారిలోకి పోయి, అక్కడ వాయించి పెంచిన సంగీతం. గిటార్ శ్రుతి బాగా దించేసి, బరువుగా, గుండె అదిరేలా వాయిస్తారు. సహారాలో టువారెగ్ తెగవాళ్ళ టినారివెన్ బ్యాండుని కూడా కొందరు ఇదే పేరుతో పిలుస్తారు. ట్యూసాన్‌ది ఈ రెండూ కాదు. ఇక్కడ వాయిద్యాలు తక్కువ, వాటి మధ్య జాగా ఎక్కువ. కంట్రీ, బ్లూస్, జాజ్ ముక్కలు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మెక్సికన్ వాసన, మధ్యలో ఉన్నట్టుండి ఒక గిటార్ అరుపు. రేడియోలో వచ్చే కంట్రీలో ఇమడదు కాబట్టి అమెరికానా అనే అరలో పెట్టారు. మీరు మొదటి రకం కోసం చెవులు సిద్ధం చేసుకుని కూర్చున్నారు, వచ్చింది ఇది. నిరాశ పడడంలో ఆశ్చర్యం ఏముంది!

ఇప్పుడు మనుషుల సంగతి. జెయింట్ శాండ్ అంటే హౌ గెల్బ్. మిగతావాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. ఆయన సొంతూరు అరిజోనా కాదు. 1956లో పెన్సిల్వేనియాలో విల్క్స్-బారీ అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. 1972లో ఆగ్నెస్ తుఫానుకి సస్కెహానా నది పొంగి ఆ ఊరు మునిగింది. ఆ దశకంలోనే ఆయన ట్యూసాన్ చేరాడు. (ట్యూసాన్‌లోనూ శాంటాక్రూజ్ అని ఒక నది ఉందండి. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే పారుతుంది. మేం కొత్తగా వెళ్ళినప్పుడు వంతెన మీద బోర్డు చూసి చాలా నవ్వుకున్నాం.)

అక్కడ రైనర్ టాచెక్ అనే గిటారిస్టుతో కలిసి జెయింట్ శాండ్‌వర్మ్స్ అని బ్యాండు పెట్టాడు. ‘డ్యూన్’ నవలలో ఇసుక కింద తిరిగే భారీ పురుగుల పేరు. తర్వాత పురుగులు పోయి జెయింట్ శాండ్ మిగిలింది, 1985లో మొదటి ఆల్బమ్ వచ్చింది. రైనర్ ఆ బ్యాండులో ఎక్కువకాలం లేడు గానీ హౌకి అన్నలాంటివాడు, చివరిదాకా.

మీ ఆల్బమ్ అర్థం కావాలంటే ఈ రైనర్ ఎవరో తెలియాలి. తూర్పు బెర్లిన్‌లో పుట్టి, చికాగోలో పెరిగి, ట్యూసాన్‌లో స్థిరపడ్డాడు. లోహపు ఒళ్ళున్న నేషనల్ స్టీల్ గిటార్ మీద స్లైడ్ (తీగల మీద చిన్న గొట్టం జారుస్తూ) వాయించేవాడు. వాయించిన ముక్కనే లూపులో తిప్పుతూ, దాని మీద తనే మళ్ళీ వాయించేవాడు. వింటే ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒకరి మాట ఒకరు అందుకుంటున్నట్టు ఉంటుంది. 1996లో ఆయనకి బ్రెయిన్ ట్యూమర్ బయటపడింది. వైద్యం ఖర్చుల కోసం మర్నాటి ఏడాది హౌ గెల్బ్, లెడ్ జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కలిసి ‘ది ఇన్నర్ ఫ్లేమ్’ అని ఒక ఆల్బమ్ తెచ్చారు. ఎమ్మీలౌ హారిస్, పీజే హార్వీ లాంటివాళ్ళు రైనర్ పాటలు పాడారు. ఆ 1997 నవంబరులోనే ఆయన పోయాడు. 46 ఏళ్ళు.

‘చోర్ ఆఫ్ ఎన్‌చాంట్‌మెంట్’ ఆ తర్వాత పుట్టింది. రైనర్‌కే అంకితం. ఒక్క ఊపులో అయిన పని కాదు. జాన్ పారిష్, కెవిన్ సేలమ్, జిమ్ డికిన్సన్ అని ముగ్గురు నిర్మాతలతో (అంటే డబ్బు పెట్టేవాళ్ళు కాదు, రికార్డింగు నడిపించేవాళ్ళు) విడివిడిగా రికార్డు చేశారు. డికిన్సన్ మెంఫిస్ పెద్దాయన, రోలింగ్ స్టోన్స్‌కి కూడా పియానో వాయించాడు. డబ్బు పెట్టిన లేబుల్, అంటే రికార్డు కంపెనీ, తీరా విని, మాకొద్దంది. చివరికి చికాగోలోని థ్రిల్ జాకీ అనే చిన్న లేబుల్ 2000లో విడుదల చేసింది.

ఇందులో ఇంకో వియోగం కూడా ఉందని నాకనిపిస్తుంది. అప్పటికి బ్యాండులో ఉన్న ఇద్దరు, అంటే బేస్ వాయించే జోయీ బర్న్స్, డ్రమ్స్ వాయించే జాన్ కన్వర్టినో, కలెక్సికో అనే పేరుతో సొంత కుంపటి పెట్టుకున్నారు. 1998లో వచ్చిన ‘ది బ్లాక్ లైట్’తో దానికి మంచి పేరే వచ్చింది. అంటే హౌకి పాత స్నేహితుడు పోయాడు, పక్కనున్న ఇద్దరూ చెయ్యి జారుతున్నారు. ఈ ఆల్బమ్ వాయింపులో వాళ్ళ ముగ్గురి మధ్య కనిపించే మెత్తదనం అందుకే నన్ను ఒక్కోసారి ఇబ్బంది పెడుతుంది. ఒకరి దారికి ఒకరు అడ్డు రాకుండా అంత జాగ్రత్తగా వాయిస్తారు.

మనకి విషాద గీతం అంటే పల్లవి మొదటి లైనులోనే సంగతి తెలిసిపోవాలి. షెహనాయో వయొలినో కూడా తోడుండాలి. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. మనవాళ్ళ ఇంటికి పరామర్శకి వెళ్తే చూడండి, పోయినాయన గురించి తప్ప అన్నీ మాట్లాడతారు. బస్సు దొరికిందా, ఎండలెలా ఉన్నాయి, మీ చిన్నాడు ఏం చదువుతున్నాడు, కాఫీ తాగుతారా. మధ్యలో ఎవరో ఒక చిన్న జోకు వేస్తారు, నవ్వుతారు కూడా. ఉన్నట్టుండి ఒక మాట దగ్గర ఆగిపోతారు. ఈ ఆల్బమ్ మొత్తం ఆ గదిలో నడుస్తుంది. హౌ మాటలతో ఆడుకుంటాడు, వాక్యం మొదలుపెట్టి వదిలేస్తాడు, ఒక పాట కుదురుకునే లోపు ఇంకోదానిలోకి పోతాడు. మీకు గొణుగుడుగా వినబడింది ఇదే. ఆ గొణుగుడులో ఏదో అర్థం తవ్వి తీయాలని కూర్చోకండి, ఎక్కడ ఆగుతున్నాడో గమనించండి చాలు.

ఇంకా వినాల్సింది కన్వర్టినో డ్రమ్స్. ఎక్కువచోట్ల కర్రలతో కొట్టడు, బ్రష్‌లతో చర్మం మీద రుద్దుతాడు. బీటు కంటే ముందు ఆ రాపిడి వినబడుతుంది. దాని కింద బర్న్స్ బేస్. పైన హౌ పియానో, ఎవరూ లేని హాల్లో ఎవరో తోచక వాయిస్తున్నట్టు. ఇవన్నీ చాలా తక్కువ శబ్దంలో జరిగే పనులు.

అందుకే అందరూ చెప్పే సలహాకి నేను వ్యతిరేకం. ఎడారి సంగీతం కదా, కారేసుకుని హైవే ఎక్కి వినండి అంటారు. వద్దండి. ఫీనిక్స్ నుంచి ట్యూసాన్‌కి ఐ-10 మీద 180 కిలోమీటర్ల పైచిలుకు. సినిమాలో అయితే బాగుంటుంది. నిజంగా అయితే జూన్‌లో 42 డిగ్రీల ఎండ, ఏసీ ఫుల్లు, పక్కన ట్రక్కులు. పికాచో కొండ దాటే దాకా దుమ్ము తుఫాను వస్తుందేమోనని టెన్షన్, పక్కకి ఆపి ప్రాణాలు కాపాడుకోండి అని బోర్డులు. ఆ రొదలో హౌ కింది గొంతూ మిగలదు, బ్రష్‌లూ మిగలవు. మిగిలేది ఆ అప్పుడప్పుడూ వచ్చే గిటార్ అరుపు, దానికోసం వాల్యూమ్ తగ్గించుకోవడం. కారులో విని ఇది బోరు అని తేల్చేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మీరెక్కడ విన్నారో చెప్పలేదుగానీ, కారులో అయితే ఆ వినడం లెక్కలోకి రాదు.

రాత్రి వినండి, ఇంట్లో, ఇయర్‌ఫోన్స్‌తో. ఎండాకాలంలో అక్కడ బతుకంతా ఎలాగూ పొద్దుగూకాకే మొదలవుతుంది. నాకు కేఎక్స్‌సీఐ అనే ట్యూసాన్ కమ్యూనిటీ రేడియోలో హౌ గొంతు మొదట తగిలింది, రాత్రి పూట అసైన్‌మెంట్ రాసుకుంటుంటే. కుదిరితే జులై, ఆగస్టు నెలల్లో, అక్కడి వర్షాల రోజుల్లో పెట్టుకోండి. వాన పడే ముందు క్రియోసోట్ పొదల నుంచి ఒక ఘాటైన వాసన వస్తుంది. మన తొలకరి మట్టి వాసన కాదు, కొంచెం తారు, కొంచెం మందులాగా ఉంటుంది. ఆ వాసన తెలిశాక ఈ ఆల్బమ్ నాకు ఇంకొంచెం దగ్గరైంది. ఎందుకో వివరించమంటే వివరించలేను.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి: మొదటి ట్రాకు నుంచి మాత్రం వద్దు. ‘షివర్’తో మొదలుపెట్టండి. తర్వాత ‘ఆస్టానిష్డ్’, ‘పనిషింగ్ సన్’. ఈ మూడూ కొన్నాళ్ళు తిప్పి తిప్పి వినండి. గొంతు అలవాటయ్యాక ‘డస్టెడ్’ నుంచి వరసగా పోవచ్చు. మొత్తం పదహారు ట్రాకులు, నా లెక్కలో మూడు నాలుగు ఎక్కువే. మధ్యలో కొంచెం జారుతుంది. ముగ్గురు నిర్మాతలు, వేర్వేరు స్టూడియోలు కాబట్టి ఒక పాటలో ఉన్న గది ఇంకో పాటలో ఉండదు. దాన్నీ గొప్పతనం అని రాసే అభిమానులు ఉన్నారు. నాకైతే ఎవరైనా కత్తెర వేసుంటే బాగుండేది అనిపిస్తుంది. నచ్చనివి దాటేయండి, పాపం ఏమీ రాదు. మా రూమ్మేట్లు అయితే ఆల్బమ్ మొత్తాన్నీ దాటేశారు. “ఒరేయ్, ఆ ముసలాయన్ని ఆపరా” అనేవాళ్ళు. రికార్డు చేసేనాటికి ఆయనకి నిండా నలభై అయిదేళ్ళు లేవు.

ఆయన్ని డౌన్‌టౌన్‌లో చూశాను కూడా. పాట సగంలో ఆపి ఇంకో పాట అందుకుంటాడు, మాటలు అక్కడికక్కడే మార్చేస్తాడు. రికార్డులో విన్నట్టే పాడాలని మీరు పట్టుబట్టే మనిషైతే చిరాకేస్తుంది. వెళ్ళే అవకాశం వస్తే ‘క్లబ్ కాంగ్రెస్’ అనే చోటు మంచిది, 1919లో కట్టిన హోటల్ కింద ఉంటుంది. పక్కనే రైలు పట్టాలు. గూడ్సు బండి కూత పెడితే లోపలికి వినబడుతుంది.

ఇన్ని చేసినా ఎక్కకపోతే పక్క గుమ్మం నుంచి రండి. కలెక్సికో వాళ్ళ ‘ఫీస్ట్ ఆఫ్ వైర్’, 2003. అదే బేస్, అదే డ్రమ్స్, కానీ మెక్సికన్ మరియాచి ట్రంపెట్లు, స్పష్టంగా పాడే గొంతు, చటుక్కున పట్టుకునే బాణీలు. మన చెవికి చాలా తేలిక. అది నచ్చితే వెనక్కి వచ్చి ఇది వినండి. మోతే కావాలంటే హౌ తన మొదటి ఆల్బమ్‌ని 2018లో మళ్ళీ వాయించి విడుదల చేశాడు, అది పెట్టుకోండి. 2006లో ఒట్టావా గాస్పెల్ (చర్చి పాటల) గాయక బృందంతో చేసిన సోలో ఆల్బమ్ కూడా బాగుంటుంది, ఆ గొణుగుడు వెనక అంతమంది పెద్దగా పాడుతుంటే వింతగా ఉంటుంది.

ఈ ఆల్బమ్‌ని 2011లో ఫైర్ రికార్డ్స్ వాళ్ళు మళ్ళీ వేశారు, కొనాలనుకుంటే అదే వెతకండి. మీ ఆఫీసు పెద్దాయన తొంభైల్లో కూడా అరిజోనాలోనే ఉండుంటే రైనర్‌ని ఎప్పుడైనా చూశారా అని అడగండి. చూసుంటే ఆ రోజు మీ లంచ్ అవర్ అయిపోయినట్టే.