అమ్మీ, ఆ డబ్బును ఒంటరిగా పంపొద్దు

అమ్మీ,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కనే మీ మామ కూర్చుని ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేదు. నాయనకు పంపే డబ్బు, చదువు లోను ఈఎంఐ అన్నీ ఈ నెల నుంచి యాప్‌లో సెట్ చేసేస్తున్నానన్నావు. "ఒక్కసారి పెట్టేస్తే చాలత్తా, ఇంక నేను చూడాల్సిన పనే ఉండదు" అన్నావు. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే గుబులు. ఫోన్‌లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని డ్యూటీకి పరిగెత్తుతావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. మీ తమ్ముడు ఫోటోలు తీసి పంపుతాడు. నా రాత అర్థం కాకపోతే వాడినే అడుగు.

ముందు సంతోషం సంగతి చెప్పనీ. మన ఇంట్లో నుంచి విమానం ఎక్కిన మొదటి ఆడమనిషిని నేను. కువైట్‌లో ఇంకొకరి వంటింట్లోకి పోయాను. నువ్వు పేరు రాసిన బ్యాడ్జీ పెట్టుకుని ఆసుపత్రిలోకి పోయావు. బర్మింగ్‌హామ్ అనే మాట నాకు ఇప్పటికీ సరిగా నోరు తిరగదు. అయినా వేంపల్లె నుంచి కడప పోయే బస్సులో పక్క సీటామెకు కూడా చెప్తాను.

ఇక పని సంగతి. నర్సింగ్ చదివేటప్పుడు తెరిచిన ఆ సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే పెట్టుకున్నావా? బయటి దేశంలో ఉద్యోగానికి పోయాక దాన్ని అలా నడపకూడదు. బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఓగా, అంటే బయటి దేశంలో ఉండేవాళ్ల ఇక్కడి డబ్బుకు పెట్టే ఖాతాగా, మార్పించు. అక్కడి జీతం పంపుకోవడానికి విడిగా ఎన్ఆర్ఈ ఖాతా తెరువు. ఎన్ఆర్ఈ వడ్డీకి మన దేశంలో పన్ను లేదు, కావాలంటే ఆ డబ్బును తిరిగి అక్కడికి తీసుకుపోవచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీలో అయితే బ్యాంకువాళ్లే 30 శాతానికి పైగా పట్టుకుంటారు. ఇక్కడ పన్ను లేదన్నానని అక్కడా ఉండదనుకోవద్దు, అది అక్కడ లెక్కలు చూసేవాళ్లను అడుగు. నువ్వు నాయనకు పంపేదానికి ఆయన పన్ను కట్టక్కర్లేదు, కన్నబిడ్డ ఇచ్చేది కదా. ఆయన దాన్ని డిపాజిట్ వేస్తే ఆ వడ్డీ మాత్రం ఆయన ఆదాయమే. నామినీ పేరు రాయించు. ఇప్పుడే ఎందుకత్తా అని నవ్వకు, రాయించు.

ఫీజు లేదు, ఫ్రీ అని చెప్పే యాప్‌లను చూసి మురిసిపోవద్దు. వాళ్లు రేటులో తీసుకుంటారు. వంద పౌండ్లు పెడితే ఇక్కడ చేతికి ఎన్ని రూపాయలు పడతాయి, అదొక్కటే అడుగు, రెండు మూడు చోట్ల చూసుకో. అక్కడెవరో మనవాళ్లు "మాకివ్వు, ఇంకా మంచి రేటు ఇస్తాం, మీ ఇంటికే తెచ్చిస్తారు" అంటే ఆ ఛాయలకు పోవద్దు. అది హవాలా. కువైట్‌లో మా కాలంలో దాన్ని హుండీ అనేవాళ్లు. దాంట్లో పోయిన డబ్బుకు ఏడ్చినా వినేవాడు ఉండడు.

ఈఎంఐ దగ్గర మాత్రం కొంచెం ఆగు. నెలకు 18,400 అన్నావు. పౌండు 115 ఉన్నప్పుడు 160 పౌండ్లని పెట్టేస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది. పౌండు 108కి దిగిన నెల అదే 160 పౌండ్లకు 17,280 వస్తుంది. 1,120 తక్కువ. బ్యాంకు ఉన్నంత తీసుకుని సర్దుకోదమ్మా, వెనక్కి కొడుతుంది, దాని మీద పెనాల్టీ, మళ్లీ అప్పులు సరిగా కడుతున్నావా అని చూపే నీ సిబిల్ స్కోరు పడిపోతుంది. అందుకని ఈఎంఐకి పోయేదాన్ని రూపాయల్లో ఇంత చేరాలని పెట్టే వీలుంటే అలా పెట్టు, లేకపోతే ఒక ఈఎంఐ అంత డబ్బు ఎప్పుడూ ఖాతాలో అదనంగా ఉంచు. జీతం 27న పడుతుందన్నావు, 27నే పంపేలా పెట్టకు. ఒకటి రెండు రోజులు ఆగనీ. ఈఎంఐ ఐదో తేదీ కాబట్టి ఒకటో తేదీకల్లా ఇక్కడ పడితే చాలు.

ఇంకొకటి, మీ నాయన బ్యాంకు. మన కడపలో హెడ్డాఫీసు ఉండిన ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఇంకో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అంతకు ముందు 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. సిండికేట్ పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు, అంటే డబ్బు ఏ బ్రాంచికి పోవాలో చెప్పే కోడ్‌లు, 2021 జూలై నుంచి చెల్లకుండా పోయాయి. నువ్వు పెట్టే ఆటోమేటిక్‌కు ఇవేవీ తెలియవు, పాత కోడ్‌కే పంపుతూ ఉంటుంది. కాబట్టి ఇంట్లో పాత పాస్‌బుక్ చూసి నంబర్ ఎక్కించొద్దు. తమ్ముడిని బ్రాంచికి పంపి, ఇప్పటి కోడ్, ఇప్పటి ఖాతా నంబర్ రాయించుకుని రమ్మను. కోడ్‌లో అక్షరాలు, అంకెలు కలిపి పదకొండు ఉంటాయి, ఐదోది సున్నా. దాన్ని ఇంగ్లీషు ఓ అనుకుని కొట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. మొదటి నెల చిన్న మొత్తం పంపి, నాయన చేతికి వచ్చిందని విన్నాకే మిగతాది పెట్టు. ఆయన కేవైసీ కాగితాలు, అంటే తానెవరో చూపే గుర్తింపు కాగితాలు, కూడా ఇచ్చాడో లేదో కనుక్కో. అవి ఇవ్వక ఖాతా ఆగిపోతే, డబ్బులు అందులో పడ్డా తీసుకోలేక కూర్చోవాలి.

ఇవన్నీ నీకు ఎవరైనా చెప్తారు. నా గుబులు వేరే.

నేను 1995 నవంబర్‌లో పోయాను. వీసాకు, టికెట్‌కు 50 వేలు అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీ, ప్రామిసరీ నోటు మీద మీ మామ సంతకం. అంటే నెలకు 1,500 వడ్డీకే. నా జీతం 40 దినార్లు. అప్పుడు దినారుకు 115, 120 రూపాయలు ఆడుతుండేది. ఐదు దినార్లు నాకు ఉంచుకుని 35 పంపేదాన్ని, ఇక్కడికి నాలుగు వేల పైచిలుకు వచ్చేది.

మొదటి ఆరు నెలలు నేనే పంపాను. శుక్రవారం మా మేడం బజారుకు పోయేటప్పుడు నన్నూ కారులో తీసుకుపోయేది. ఎక్స్ఛేంజి కౌంటర్‌లో లైను కట్టి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఊదారంగు కార్బన్ చీటీ తీసుకునేదాన్ని. రాత్రి ఆ చీటీ ముందు పెట్టుకుని జాబు రాసేదాన్ని. "ఇందులో 1,500 వడ్డీకి. 500 అసలుకు జమ వేయండి. మిగతాది ఇంటికి, పిల్లోడి ఫీజుకు." ఆ ఆరు నెలలూ మీ మామ తప్పకుండా వడ్డీ కట్టాడు. అసలుకు జమ పడలేదనేది వేరే సంగతి.

తర్వాత మేడంకు బిడ్డ పుట్టింది, నాకు బయటికి పోవడం కుదరలేదు. మా ఇంటి డ్రైవర్ కేరళ ఆయన, చాలా మంచివాడు. "చేచీ (అక్కా), ప్రతి నెలా మేడం దగ్గర నేనే తీసుకుని కట్టేసి వస్తాను, మీకెందుకు శ్రమ" అన్నాడు. నీ యాప్ ఇప్పుడు చేసేది అదే కదమ్మా. నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను. నెల తిరిగేసరికి చీటీ తెచ్చి వంటింటి కిటికీలో పెట్టేవాడు. దాన్ని మడిచి నీడో పాలపొడి డబ్బాలో వేసేదాన్ని. లైను లేదు, లెక్క లేదు. చీటీ ముందు పెట్టుకుని కూర్చునే రాత్రి కూడా లేకుండా పోయింది. జాబులు రాశాను, రాయలేదనను. డబ్బు అందింది కదా, పిల్లోడు జాగ్రత్త, నా ఆరోగ్యం బాగుంది. అంతే. వడ్డీ మాట ఎత్తలేదు. పోతోంది కాబట్టి కడుతున్నారనుకున్నా.

1998 డిసెంబర్‌లో సెలవుకు వచ్చాను. వచ్చిన పదో రోజు అప్పిచ్చిన ఆయనే మన ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. కాఫీ తాగి, "మూడేళ్లు నిండిపోయినాయి కదమ్మా, నోటు తిరగరాయించుకోవల్ల, అందుకే ఆగినా" అని జేబులోంచి కొత్త నోటు తీసి మంచం మీద పెట్టాడు. రెవెన్యూ స్టాంపు అంటించి తెచ్చాడు. 95,000 అని అంకెల్లో, కింద అక్షరాల్లో. ఆరు నెలల వడ్డీ పోను ముప్పై నెలల వడ్డీ 45 వేలు, అసలు 50 వేలు. నేను మీ మామ వైపు చూశాను. ఆయన వాకిట్లో వేపచెట్టు వైపు చూస్తున్నాడు.

ఆ రాత్రి నీడో డబ్బా మంచం మీద బోర్లించాను. ముప్పై ఆరు చీటీలు. ఒక్కటి తప్పలేదు. ప్రతిదాని మీద 35. పైసా దారిలో పోలేదు, డ్రైవర్ తినలేదు, బ్యాంకు తినలేదు. తిట్టుకోవడానికి దొంగ కూడా దొరకలేదు నాకు.

చీనీ (బత్తాయి) తోట ఎండిపోతుంటే మీ మామ బోర్లు వేయించాడు. మొదటిది 220 అడుగులకు దుమ్ము లేచింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో అంగుళం నీళ్లు వచ్చి వేసవికి ఆగిపోయాయి. "వస్తానే ఉంది కదా, కాపు చేతికొస్తే ఒకేసారి కట్టేద్దామనుకున్నా" అన్నాడు. ఏడేళ్లు పెంచిన చెట్లు కళ్ల ముందు ఎండుతుంటే ఏ రైతు ఊరికే కూర్చుంటాడు? నేనున్నా బోరుకే ఇచ్చేదాన్నేమో. కానీ నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. నెల నెలా వచ్చే డబ్బు కొళాయి నీళ్లలాగా అయిపోయింది, ఎవరూ బిందెలు లెక్కపెట్టలేదు.

నువ్వు పుట్టింది ఆ సెలవులోనే. నీకని చిన్న గొలుసు తెచ్చాను. నా గాజులు, పిల్లోడికని తెచ్చిన ఉంగరం, అన్నీ ఆ నెలలో పోయాయి. ఆ గొలుసు మాత్రం మీ మామ అడగలేదు. నీ పేరు పెట్టిన రోజు అది నీ మెడలో వేసి, నవ్వుతూ ఫోటో దిగాను. మూడేళ్లకని పోయినదాన్ని, మళ్లీ పోయి ఇంకో ఎనిమిదేళ్లు ఉన్నాను.

రెండోసారి పోయేటప్పుడు మీ నాయనను పట్టుకున్నాను. జీతం 50 అయింది. అందులో అప్పుకని 30 దినార్లు విడిగా మీ నాయనకే పంపేదాన్ని. ఆయన ప్రతి నెలా సైకిల్ మీద పోయి, కట్టి, నోటు వెనక చెల్లు రాయించుకుని, ఎంత కట్టిందీ ఎంత మిగిలిందీ కార్డు ముక్క మీద రాసి పోస్టు చేసేవాడు. మూడేళ్లకు తీరింది. ఆ కార్డులు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మీ మామ కూడా ఆ తర్వాత నలభై పేజీల నోట్‌బుక్ ఒకటి పెట్టాడు. ఇప్పటికీ పాల లెక్కతో సహా అందులో రాస్తాడు. (ఈ జాబు చదివితే రెండు రోజులు అలుగుతాడు. చూపించను.)

అందుకే చెప్తున్నా, సెట్ చేసుకో, వద్దనను. నైట్ డ్యూటీ చేసి వచ్చి కోడ్‌లు కొట్టుకుంటూ కూర్చోమనను. కానీ అన్నీ కలిపి ఒకే మొత్తంగా పంపొద్దు. ఈఎంఐది నీ ఎన్ఆర్ఈలోకి, అక్కడి నుంచి లోనుకు. ఇంటి ఖర్చుది నాయనకు విడిగా. నెలకు ఒక రోజు, టీ తాగేంతసేపు, లోను స్టేట్‌మెంట్ తెరిచి అసలు ఎంత తగ్గిందో చూడు. డబ్బు పోయిందన్న మెసేజ్ చూసి ఊరుకోవద్దు. ఏడాదికోసారి మొత్తం ఆపి, ఎంత ఎవరికి అన్నది కొత్తగా రాసుకుని మళ్లీ మొదలుపెట్టు.

ఉన్నదంతా ఇక్కడికి పంపేయొద్దు కూడా. మూడు నెలల ఖర్చు అక్కడే ఉంచుకో. 1990 ఆగస్టు 2న ఇరాక్ వాళ్లు కువైట్‌లోకి వచ్చినప్పుడు మన పక్క వీధిలో వాళ్లు అమ్మాన్ మీదుగా విమానంలో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. జేబులో దినార్ల కట్టలున్నా మార్చేవాడు లేక వాటిని దిండు కింద పెట్టుకుని కూర్చున్నారు. ఇంగ్లండ్‌లో యుద్ధమేమిటత్తా అంటావు. వాళ్లూ ఆగస్టు ఒకటో తేదీ రాత్రి హాయిగానే పడుకున్నారమ్మా.

చివరగా ఒక మాట. నేను చెప్పానని ఎక్కడా అనొద్దు. పోయిన బుధవారం మీ తోటకు పోతే, మీ నాయన నీళ్ల పాయింట్ చూసే ఆయన్ను పిలిపించి ఉన్నాడు. అతను అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని గట్టు మీద అటూ ఇటూ నడుస్తున్నాడు, మీ నాయన వెనకాలే. నెల నెలా నా నోటు మీద చెల్లు రాయించిన మనిషి. నన్ను చూసి, "ఊరికే, చూపిస్తా ఉండా" అన్నాడు. తొమ్మిది వందల అడుగులంట ఈసారి.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతి ఎత్తకు. "నాయనా, తోటలో నీళ్లెట్లుండాయి?" అని మాత్రం అడుగు. అడిగి, ఆయన చెప్పేదాకా ఊరికే ఉండు.

మీ అత్త