స్వెటర్ నేస్తామా, అల్లుతామా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మొన్న శని, ఆదివారాలు మామ్మ, అమ్మ, మేనత్త, నేను కలిసి పాత చీరలతో ఒక బొంత, అన్నయ్య కూతురికి ఒక స్వెటర్ తయారుచేశాం. ఫొటోలు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘వారాంతంలో కంత కుట్టేం, స్వెటర్ నేసేం’ అని రాశాను. హైదరాబాద్‌లో ఉండే మా వదిన ‘ఇది తెలుగేనా?’ అంది. నేను రాసినదాంట్లో తప్పేమిటి?

సమాధానం: అమ్మా, అందులో నిజంగా దిద్దాల్సింది ఒక్క క్రియే, ‘నేసేం’. స్వెటర్‌ని అల్లుతారు.

నేయాలంటే రెండు వరసల దారాలు ఉండాలి. మగ్గానికి బిగించిన పడుగు ఒకటి, దాని మధ్యనుంచి అడ్డంగా పోయే పేక ఒకటి. బరంపురం పట్టుచీర నేస్తారు, కొరాపుట్ వైపు కోట్‌పాడ్ బట్ట నేస్తారు. స్వెటర్‌లో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే ఊలు దారాన్ని సూదుల మీద ఉచ్చులు చేసి, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోతారు. అందుకే ముడి వేయని కొస పట్టుకుని లాగితే వరసలు వరసలుగా ఊడి వస్తుంది. మగ్గం లేకుండా ఒకదానిలోంచి ఒకటి పోనిచ్చి బిగించే పనికి తెలుగువాళ్లు వాడే మాట అల్లడం. జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, గిజిగాడు గూడు అల్లుతుంది. జరగని సంగతిని కథ అల్లామంటాం. నరసాపురం లేసు కొక్కెం సూదితో చేసేది, అదీ అల్లికే. రెండు సూదుల పనికి, కొక్కెం సూది పనికి వేరువేరు క్రియలు మనకు లేవు. తేడా చెప్పాల్సి వస్తే ‘క్రోషా అల్లిక’ అనండి, అందరికీ తెలుస్తుంది. చాప దగ్గర మాత్రం కొందరు నేయడమనీ, కొందరు అల్లడమనీ అంటారు. అందులో నిలువు పోగులూ అడ్డు పోగులూ ఉంటాయి కాబట్టి రెండింటికీ సమర్థన ఉంది.

మరి మీకు ‘నేసేం’ ఎందుకు తోచింది? నా ఊహ ఇది. ఒడియాలో బట్టకైనా స్వెటర్‌కైనా ‘బుణిబా’ అనే ఒక్క క్రియ సరిపోతుంది. హిందీ ‘బున్‌నా’ కూడా అంతే. రోజంతా రెండు భాషల్లో మాట్లాడే ఊళ్లో ఒక భాష కొలత రెండోదానికి అంటుకోవడం సహజం. కానీ తెలుగు ఇక్కడ ఎక్కువ తేడా చూపగలదు. ఆ తేడాను వదులుకోవద్దనే నేను కోరుతాను.

‘కుట్టేం’ నిక్షేపంలా ఉంది. కుట్టడమంటే మూలంలో గుచ్చడం. చీమ కుడుతుంది, తేలు కుడుతుంది, పిల్లలకు చెవులు కుట్టిస్తాం. మీ కొండప్రాంతాల్లో అడ్డాకులతో విస్తళ్లు కుట్టేవాళ్లను చూసే ఉంటారు. అక్కడ సూదీ దారమూ ఉండవు, సన్నని పుల్లతో ఆకుకు ఆకును గుచ్చుతారు. అయినా అది కుట్టడమే. చీరలు పొరలుగా పరిచి, అన్ని పొరల్లోంచీ సూది దించి తీసే బొంతకు ఇంతకన్నా తగిన క్రియ లేదు.

ఇక ‘కంత’. సంస్కృతంలో కంథ అంటే అతుకుల బొంత. ఒడియాలో ఆ మాట ఇప్పటికీ ఇళ్లల్లో వాడుకలో ఉంది, మీకు అక్కడినుంచే వచ్చి ఉంటుంది. తెలుగులో కంత అంటే రంధ్రం. దొంగలు గోడకు కంత వేస్తారు. మీ వదినగారికి ‘చిరుగు కుట్టాం’ అన్నట్టు వినిపించి ఉండాలి. ఇంట్లో కంత అనుకుంటే నష్టం లేదు. నలుగురికీ రాసేటప్పుడు బొంత అనండి. ‘గంతకు తగ్గ బొంత’ అని సామెతలో నిలిచిన మాట అది. మీ సరిహద్దుకు చాలా దూరంలో, మహారాష్ట్ర పక్కన ఉండే తెలుగువాళ్లకు మరాఠీ ‘గోధడి’ పరిచయమే. వాళ్లకూ నేను ఇదే చెబుతాను.

‘వారాంతం’ పత్రికల మాట. తప్పనను. కానీ మన లెక్కలో వారం ఆదివారంతో మొదలవుతుంది, దాన్ని అంతంలో కలపడం నాకు అంతగా రుచించదు. ప్రశ్నలో మీరే ‘శని, ఆదివారాలు’ అని చక్కగా రాశారు.

‘కుట్టేం, నేసేం’ అనే రూపాలు ఉత్తరాంధ్ర పలుకు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మీ ఊరు అటు వెళ్లినా ఆ పలుకు మీ ఇళ్లల్లో నిలిచింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. ఆ ఊరివాళ్లకు ఇంటి పలుకు మార్చుకోమని చెప్పే సాహసం నేను చేయను. బంధువుల గ్రూపులో ‘బొంత కుట్టేం, స్వెటర్ అల్లేం’ అని నిస్సంకోచంగా రాయండి. పత్రికకు పంపే వ్యాసమైతే ‘కుట్టాం, అల్లాం’ అని రాయండి. ఒకే వ్యాసంలో రెండు రకాలూ కలపకపోతే చాలు.