డ్రైవర్ లేని కార్లొస్తే హైదరాబాద్‌లో సొంత కారు, మెట్రో రెండూ అక్కర్లేదా?

సొంత కారు అవసరం కొంత తగ్గొచ్చు, మెట్రో అవసరం తగ్గదు. చిక్కంతా రోడ్డు వెడల్పుతోనే. ఎక్కడా ఆగకుండా సాగినా ఒక లేన్‌లో గంటకు సుమారు 2,000 కార్లే వెళ్తాయి. సిగ్నళ్లుంటే అందులో సగమూ కష్టమే. కారుకు ఒకరిద్దరే ఉంటే, ఆగకుండా సాగినా నాలుగు వేల మంది దాటరు. నాగోలు–రాయదుర్గం లైన్‌లో మూడు బోగీల మెట్రో రైలు ఒక్కటే దాదాపు వెయ్యి మందిని ఎక్కించుకోగలదు. అయిదు నిమిషాలకొకటి నడిచినా గంటకు 12,000 మంది. స్టీరింగ్ ఎవరు తిప్పినా కారు తినే చోటు అంతే కదా!

పైగా డ్రైవర్ లేని ట్యాక్సీ ఒకరిని దించాక ఇంకొకరి కోసం ఖాళీగా తిరగాలి. పొద్దున అందరూ హైటెక్ సిటీ వైపే కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు చాలావరకు ఖాళీయే. పార్కింగ్ బాధ తగ్గుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది.

కంది దగ్గర ఐఐటీ క్యాంపస్‌లో ఇలాంటి వాహనాలను పరీక్షిస్తున్నారు. అమీర్‌పేటలో రాంగ్ రూట్ బైకులు, చెరిగిన లేన్ గీతలు, వాననీటి కింద గుంతలు వేరే లెక్క. ఈ కార్లలో లేజర్‌తో దూరం కొలిచే పరికరం లైడార్. నిలిచిన నీటిపై పడ్డ దాని కిరణం చాలావరకు పక్కకు జారిపోతుంది, గుంత లోతు తెలియదు.

ముందుగా పనికొచ్చేది స్టేషన్ నుంచి ఇంటిదాకా ఉన్న చివరి రెండు కిలోమీటర్లకే: నిర్ణీత దారి, తక్కువ వేగం, ఏడెనిమిది సీట్ల షటిల్. ఇప్పుడా పని షేర్ ఆటోలు చేస్తున్నాయి.