కాలిఫోర్నియా సంబంధం: పెళ్లికి ముందు ప్రీనప్ (విడిపోతే ఆస్తులు, భరణం సంగతి ఏమిటో ముందే రాసుకునే ఒప్పందం) మీద సంతకం పెట్టమంటున్నారు, ఏం చూసుకోవాలి?

అడిగారని అవమానంగా తీసుకోకండి, అలాగని కంగారుగా సంతకమూ చేయకండి. కాలిఫోర్నియాలో పెళ్లి తర్వాత ఇద్దరూ సంపాదించేది సాధారణంగా చెరిసగం ఉమ్మడి ఆస్తి. ప్రీనప్‌తో దాన్ని మార్చుకోవచ్చు. అందుకే ముందు ఇద్దరి ఆస్తులు, అప్పులు, హైదరాబాద్ ఫ్లాటుతో సహా, కాగితం మీద పెట్టించండి.

తుది పత్రం చేతికొచ్చాక సంతకానికి కనీసం 7 రోజుల గడువు ఉండాలన్నది అక్కడి చట్టం. ముహూర్తం ముందు రోజు తెచ్చి పెట్టమంటే ఒప్పుకోవద్దు. మీకు వేరే లాయరు ఉండాలి, వాళ్ల లాయరు సరిపోడు.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది భరణం వదులుకునే షరతు. ఇక్కడి ఉద్యోగం మానేసి డిపెండెంట్ వీసా మీద వెళ్తే కొన్నేళ్లు మీకు సంపాదనే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఈ షరతుకు ఒప్పుకోవద్దనే నా గట్టి సలహా. సంతకం నాటికి మీకు సొంత లాయరు లేకపోతే ఆ షరతు చెల్లదు. పిల్లల పోషణ హక్కును ఏ ఒప్పందమూ తగ్గించలేదు.

మన దేశంలో సంగతి వేరు. గోవాలో తప్ప ఇలాంటి ఒప్పందాలకు ప్రత్యేక చట్టం లేదు, 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ (ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందాలు చెల్లవనేది) కింద కోర్టు తోసిపుచ్చే అవకాశం ఎక్కువ. మీ నగలు, స్త్రీధనం జాబితా మాత్రం విడిగా రాసి ఉంచుకోండి.